అల్లుడొచ్చాడు, నా ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: పలాసలో జీడి ఫ్యాక్టరీలో 14 ఏళ్లుగా గుమస్తాని. షావుకారు నన్ను ఇంటి మనిషిలా చూశారు. ఇప్పుడు అల్లుణ్ని మేనేజరుగా పెట్టి, లెక్కలన్నీ అతనికి నేర్పమంటున్నారు. పరువు పోకముందే మానేయమని నా భార్య గొడవ.

జవాబు: ఇప్పుడే రాజీనామా రాయకండి. అల్లుణ్ని పెట్టింది మీ పని నచ్చక కాదు. కుటుంబ వ్యాపారంలో నగదు, బ్యాంకు సంతకం మొదట ఇంటివాళ్ల చేతికే వెళ్తాయి. కొనుగోళ్లు, జీఎస్టీ కూడా చేతులు మారి మీకంటూ పని మిగలకపోతే అప్పుడు అనుమానించాలి.

ముందు మీ పేరు ఏ ఫర్మ్‌లో ఉందో చూసుకోండి. అసలు మెలిక ఇక్కడే. షావుకారు పేరున ఒకటి, భార్య పేరున ఒకటి, కొడుకు పేరున ఇంకొకటి ఉంటాయి. పని ఒకే షెడ్డులో, జీతం మాత్రం ఒక్కోసారి ఒక్కో ఖాతా నుంచి. రేపు పని మానేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన గ్రాట్యుటీ అడిగితే "మా దగ్గర చేరి మూడేళ్లేగా" అనేస్తారు. చేరిన నాటి నుంచి దొరికినన్ని బ్యాంకు స్టేట్‌మెంట్లు తీయించండి. పీఎఫ్ ఉంటే పాస్‌బుక్‌లో తేదీలు సరిచూడండి. పది మంది, ఆపైన పనిచేసే చోట అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు. చివరి నెల మూలవేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి 15తో హెచ్చించి 26తో భాగిస్తే ఒక ఏడాదికి వచ్చేది తేలుతుంది. ఆ నెల మూలవేతనం, డీఏ కలిపి 18,000 రూపాయలైతే 14 ఏళ్లకు సుమారు 1,45,000. "మానేసి కొత్త ఫర్మ్‌లో చేరినట్టు రాద్దాం" అంటే సంతకం పెట్టొద్దు.

అప్పగింత నోటిమాటతో కానివ్వకండి. పిక్కల బస్తాలు, పప్పు టిన్నులు గ్రేడు వారీగా తూచి, తేదీ వేసి ఇద్దరూ సంతకాలు చేయండి. తేమను బట్టి 80 కిలోల బస్తాకు దిగే పప్పు మారుతుంది. ఆ సంగతి తెలియని కొత్త మనిషికి తరుగు దొంగతనంలా కనబడుతుంది. జీఎస్టీ ఓటీపీ మీ ఫోనుకొస్తుంటే వాళ్ల నంబరుకు మార్పించండి. నేర్పేదేదీ దాచకండి, దాస్తే తీసేయడానికి సాకు దొరుకుతుంది.

తర్వాత అల్లుడి ఎదుటే అడగండి: "బాబుగారూ, ఇకమీదట నా పనేంటి, నేనెవరికి చెప్పాలి?" పెద్దాయనతో చాటుగా మాట్లాడితే అల్లుడు మనసులో పెట్టుకుంటాడు.

మీ ఆవిడ బాధలో న్యాయముంది, తొందరే తప్పు. ఈ కాగితాలన్నీ ఆమెకు చూపించండి. టెక్కలి గ్రానైట్ యూనిట్లలో, రైసుమిల్లుల్లో విచారిస్తూ ఉండండి. కొత్తచోటు నియామక పత్రం చేతికొచ్చాకే మానండి. మానిన 30 రోజుల్లో గ్రాట్యుటీకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. మరో 30 రోజుల్లో డబ్బు రాకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయండి.