అమెరికా చరిత్ర చెప్పే చిన్న కాలేజీలో ఎవరి పని ఏది?

అమెరికాలో చరిత్ర చదవడానికి వెళ్తున్న పిల్లల గురించి, అక్కడి చిన్న కాలేజీల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. మూడు నాలుగు వేల మంది విద్యార్థులకు మించని కాలేజీలో బోధన సిబ్బంది, ఆఫీసు సిబ్బంది కూడా తక్కువే. ఒక్కొక్కరు రెండు మూడు బాధ్యతలు మోస్తుంటారు. ఏ పనికి ఎవరిని అడగాలో తెలియక నెలలు పోగొట్టుకుంటున్న కుటుంబాలున్నాయి. అందుకే ఈసారి కొంచెం వివరంగా రాస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయికి పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీలో హిస్టరీలో సీటు వచ్చింది. వాళ్ల అధ్యాపకుల జాబితాలో అసిస్టెంట్, అసోసియేట్, విజిటింగ్, ఎడ్జంక్ట్, ఎమెరిటస్ అని రకరకాలుగా ఉంది. ఎవరు పర్మనెంటో, ఎవరు కాదో అర్థం కావడం లేదు.
— ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మన దగ్గర అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా రెగ్యులర్ పోస్టులో చేరితే ఉద్యోగం దాదాపు ఖాయమైనట్టే. అక్కడ అదే హోదాలో ఉన్న మనిషి ఇంకా పరీక్షలోనే ఉంటారు. 1940లో అమెరికన్ ప్రొఫెసర్ల సంఘం, కాలేజీల సంఘం కలిసి చేసిన ప్రకటన ప్రకారం ఈ పరీక్షాకాలం 7 ఏళ్లు మించకూడదు. ఇప్పటికీ చాలా కాలేజీలు ఆ లెక్కనే పాటిస్తాయి. మూడో ఏట ఒక సమీక్ష జరుగుతుంది. ఆరో ఏట అసలు ఫైలు పెట్టాలి. బోధన, పరిశోధన, కాలేజీకి చేసిన సేవ అని అందులో మూడు భాగాలుంటాయి. పరిశోధన మీద బయటి కాలేజీల చరిత్రకారులు ఉత్తరాలు రాస్తారు. ఫైలు విభాగం నుంచి అధ్యాపకుల కమిటీకి, అక్కణ్నుంచి ప్రొవోస్ట్‌కి (చదువు వ్యవహారాలు చూసే పెద్ద అధికారి), ప్రెసిడెంట్‌కి వెళ్లి, చివరికి ట్రస్టీల బోర్డు దగ్గర తేలుతుంది. దాటితే టెన్యూర్, అంటే ఉద్యోగ భద్రత, వచ్చినట్టు. సాధారణంగా అసోసియేట్ ప్రొఫెసర్ హోదా కూడా దాంతోనే వస్తుంది. దాటకపోతే ఏడో ఏడే ఆఖరు.

విజిటింగ్ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఏడాది నుంచి మూడేళ్ల ఒప్పందం మీద వస్తారు. ఎక్కువగా సబాటికల్ సెలవులో, అంటే పరిశోధన కోసం ఇచ్చే సెలవులో, ఉన్నవాళ్ల స్థానంలో పాఠాలు చెబుతారు. ఎడ్జంక్ట్‌కి కోర్సు లెక్కన డబ్బిస్తారు. ఆ సెమిస్టర్‌లో కోర్సు లేకపోతే జీతమూ లేదు. ఎమెరిటస్ అంటే రిటైరైన పెద్దలు. పేరు ముందు ఎవరో దాత పేరున్న పదవి కనిపిస్తే, ఆ దాత ఇచ్చిన నిధి మీద వచ్చే రాబడితో ఆ పీఠం నడుస్తోందని అర్థం.

విజిటింగ్‌లో ఉన్నవాళ్లు బాగా చెప్పరని అనుకోకండి. కొత్తగా పీహెచ్‌డీ ముగించి ఎంతో ఉత్సాహంతో వచ్చేది వాళ్లే. చిక్కల్లా వేరే చోట ఉంది. మీ అమ్మాయి నాలుగో ఏట థీసిస్ రాసేనాటికి ఆ మాస్టారు అక్కడ ఉండకపోవచ్చు. కాబట్టి సలహాదారుగా టెన్యూర్ ఉన్నవాళ్లను ఎంచుకోమనండి. విజిటింగ్ మాస్టారి దగ్గర బాగా చదివితే, ఆయన వెళ్లిపోకముందే సిఫారసు ఉత్తరం మాట మాట్లాడుకుని, ఆయన సొంత ఈమెయిల్ తీసుకోమనండి. కాలేజీ ఈమెయిల్ ఆయనతోపాటే ఆగిపోతుంది.

ఇంకొకటి కూడా చూడాలి. విభాగంలో ఎనిమిది మంది ఉన్నా అమెరికా చరిత్ర చెప్పేది ముగ్గురో నలుగురో ఉంటారు. ఒకరు వలస పాలన, విప్లవ కాలం, ఒకరు అంతర్యుద్ధం, దాని తరవాతి పునర్నిర్మాణం, ఒకరు 20వ శతాబ్దం ఇలా పంచుకుంటారు. యూనివర్సిటీ పంపిన సిలబస్ అంటూ ఉండదు. ఎవరి కోర్సు సిలబస్ వాళ్లే రాస్తారు, పేపర్లూ వాళ్లే దిద్దుతారు. అంతర్యుద్ధం చెప్పే మనిషి సబాటికల్ మీద వెళ్తే ఆ ఏడు ఆ కోర్సు ఉండకపోవచ్చు. రాబోయే రెండేళ్లలో ఎవరు సెలవులో ఉంటారని విభాగాధిపతిని ముందే అడగవచ్చు. వాళ్లు మొహమాటం లేకుండా చెబుతారు.

ప్రశ్న: మా అబ్బాయి మార్కుల గురించి రిజిస్ట్రార్‌కి మూడుసార్లు ఈమెయిల్ పెట్టాను. జవాబివ్వరు. ఫీజు కట్టేది మేమే కదా!
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, వాళ్లది నిర్లక్ష్యం కాదు, చట్టం. 1974లో వచ్చిన విద్యార్థి రికార్డుల చట్టాన్ని అక్కడ ఫెర్పా అంటారు. పిల్లవాడు కాలేజీలో చేరిన రోజు నుంచి, వయసు 18 నిండకపోయినా సరే, ఆ రికార్డుల మీద హక్కు అతనిదే. అమెరికా పన్ను రిటర్నులో పిల్లవాణ్ని తమ మీద ఆధారపడినవాడిగా చూపించే తల్లిదండ్రులకు కాలేజీ తన ఇష్టం మీద చెప్పవచ్చు. గుంటూరులో ఉన్న మీకు అది వర్తించదు.

దారి ఒకటుంది. మీ అబ్బాయి రిజిస్ట్రార్ ఆఫీసులో అనుమతి పత్రం ఇవ్వాలి. ఏ రికార్డులు, ఎవరికి, ఎందుకు చూపించవచ్చో అందులో రాసి, సంతకం, తేదీ పెట్టాలి. మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళంతో చాలా పత్రాలు పనికిరాకుండా పోతున్నాయి. తన రికార్డు తాను చూస్తానని విద్యార్థి అడిగితే 45 రోజుల్లోపు చూపించి తీరాలి.

మార్కుల కంటే ముందు అబ్బాయిని ఒక మాట అడగండి: ఈ సెమిస్టర్‌లో ఎన్ని క్రెడిట్లు చదువుతున్నావని. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీదున్న డిగ్రీ విద్యార్థికి కనీసం 12 ఉండాలి. 3 క్రెడిట్ల కోర్సంటే వారానికి 3 గంటల క్లాసు, దానికి రెట్టింపు ఇంటి చదువు, అంటే మొత్తం 9 గంటలు. హిస్టరీలో చదవాల్సిన పేజీలు చూసి భయపడి పిల్లలు మధ్యలో ఒక కోర్సు వదిలేస్తారు. రిజిస్ట్రార్ కంప్యూటర్ దాన్ని ఒప్పుకుంటుంది కూడా. కానీ 12 కన్నా కిందికి దిగేముందు అంతర్జాతీయ విద్యార్థుల అధికారి, అంటే వీసాకి కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద సంతకం పెట్టే డీఎస్‌ఓ, అనుమతి తీసుకోకపోతే వీసా హోదా పోతుంది. చిన్న కాలేజీలో ఆ అధికారి ఒక్కరో ఇద్దరో ఉంటారు, సెలవులో కూడా ఉండవచ్చు. కోర్సు వదిలే ఆఖరి తేదీకి వారం ముందే కలవాలి.

గ్రేడు తప్పనిపిస్తే ముందు ఆ ప్రొఫెసర్‌నే ఆఫీస్ అవర్స్‌లో కలవాలి. తరవాత విభాగాధిపతి, ఆపైన డీన్. మెట్టు దాటించి నేరుగా డీన్‌కి రాస్తే ఆ ఉత్తరం మళ్లీ ప్రొఫెసర్ దగ్గరికే వస్తుంది.

ప్రశ్న: అమెరికాలో యూఎస్ హిస్టరీలో పీహెచ్‌డీ ముగింపులో ఉన్నాను. చిన్న కాలేజీల్లో ఉద్యోగానికి దరఖాస్తు ఎలా ఉండాలి?
— ఒక పరిశోధకుడు, హైదరాబాద్

జవాబు: ప్రకటనలు ఎక్కువగా ఆగస్టు నుంచి నవంబరు లోపల వస్తాయి. ఉత్తరం, సీవీ, మూడు సిఫారసులు, బోధన గురించి ఒక పత్రం, రెండు నమూనా సిలబస్‌లు, పరిశోధనలోంచి ఒక అధ్యాయం సిద్ధంగా ఉంచుకోండి. ఉత్తరం రెండు పేజీలు దాటకూడదు. పెద్ద యూనివర్సిటీకి రాసిన ఉత్తరాన్నే చిన్న కాలేజీకి పంపడం అందరూ చేసే పొరపాటు. అందులో పేజీన్నర థీసిస్, చివర్లో రెండు వాక్యాల బోధన ఉంటుంది. సెమిస్టర్‌కి మూడు కోర్సులు చెప్పే మనిషి కోసం వెతికే కమిటీ ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టేస్తుంది. మొదటి పేజీలోనే మీరు చెప్పగల కోర్సుల పేర్లు రాయండి. 1877 వరకు ఒక సర్వే (చరిత్రను స్థూలంగా చెప్పే కోర్సు), 1877 తరవాత ఇంకొకటి. ఈ రెండూ చెప్పగలనని స్పష్టంగా ఉండాలి. 1877 పునర్నిర్మాణ కాలం ముగిసిన ఏడాది కాబట్టి అక్కడ విరుస్తారు.

వాళ్ల కాలేజీకే ఉన్న వనరును ఎలా వాడుకుంటారో ఒక పేరా రాయండి. గెటీస్‌బర్గ్ కాలేజీ 1832లో పుట్టింది. అంతర్యుద్ధంలో 1863 జులై 1 నుంచి 3 వరకు ఆ ఊళ్లో జరిగిన పోరులో దాని పెన్సిల్వేనియా హాలు ఆసుపత్రి అయింది. అదే నవంబరు 19న లింకన్ మాట్లాడిన సభలో ముగింపు ప్రార్థన చేసింది అప్పటి కాలేజీ అధ్యక్షుడు హెన్రీ బాగర్. 1982 నుంచి అక్కడ సివిల్ వార్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మేరీలాండ్‌లో చెస్టర్‌టౌన్‌లోని వాషింగ్టన్ కాలేజీది 1782. జార్జి వాషింగ్టన్ తన పేరు వాడుకోనిచ్చి, 50 గినీలు (అప్పటి బంగారు నాణేలు) ఇచ్చి, పాలకమండలిలో కూర్చున్నారు. అమెరికా అనుభవం మీద పనిచేసే స్టార్ సెంటర్ అక్కడే ఉంది. ఇలాంటి చోట పిల్లలను క్లాసు గదిలోంచి యుద్ధభూమికో పాత రికార్డు గదికో ఏ వారం, ఏ పని మీద తీసుకెళ్తారో సిలబస్‌లోనే కనబడాలి.

క్యాంపస్‌కి పిలిస్తే ఒకటి రెండు రోజులు పడుతుంది. పరిశోధన ఉపన్యాసం, నిజమైన క్లాసులో ఒక పాఠం, డీన్‌తో మాటలు, విద్యార్థులతో భోజనం అన్నీ ఉంటాయి. భోజనం బల్ల దగ్గర కూడా ఇంటర్వ్యూ జరుగుతూనే ఉంటుంది. ఆ విద్యార్థుల అభిప్రాయం కమిటీకి చేరుతుంది. విభాగం కోఆర్డినేటర్‌తో ఎలా మాట్లాడారన్నది కూడా చేరుతుంది.

వీసా విషయం. హిస్టరీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) సబ్జెక్టు కాదు కాబట్టి ఓపీటీ, అంటే చదువు అయ్యాక పనిచేసే అనుమతి, 12 నెలలే. లాభాపేక్ష లేని కాలేజీలకు హెచ్-1బీ లాటరీ లేదు. టెన్యూర్ ట్రాక్ (టెన్యూర్‌కి దారితీసే) ఉద్యోగమైతే గ్రీన్‌కార్డు కోసం కాలేజీ అధ్యాపకుల ప్రత్యేక పద్ధతి ఉంది. దాని కింద మిమ్మల్ని ఎంపిక చేసిన రోజు నుంచి 18 నెలల్లోపు కార్మిక శాఖకు లేబర్ సర్టిఫికేషన్ దరఖాస్తు పడాలి. చిన్న కాలేజీల ఆఫీసుకి ఇది తరచూ వచ్చే పని కాదు. గడువు మర్చిపోతే మొత్తం వెతుకులాట మళ్లీ మొదలు. చేరిన నెలలోనే మీరే గుర్తుచేయండి.

ప్రశ్న: ఎంఏతోనే అక్కడ పాఠం చెప్పవచ్చా?
— రాజమహేంద్రవరం

జవాబు: కమ్యూనిటీ కాలేజీల్లో, ఎడ్జంక్ట్‌గా చెప్పవచ్చు. చాలా చోట్ల మాస్టర్స్‌తోపాటు హిస్టరీలోనే 18 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు అడుగుతారు. ఎంఏ వేరే సబ్జెక్టయితే ఈ లెక్క ముందు చూసుకోండి. టెన్యూర్ ట్రాక్‌కి మాత్రం పీహెచ్‌డీ కావాలి.

ప్రశ్న: మా నాన్నగారు 1970లలో అమెరికా వెళ్లి బామ్మకి రాసిన ఉత్తరాలు, ఫొటోలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. కాలేజీ ఆర్కైవ్‌కి ఇవ్వవచ్చా? అంతవరకు ఎలా దాచాలి?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఇవి అమెరికా చరిత్రే. 1965 వలస చట్టం తరవాత వచ్చిన తొలి తరం తెలుగువాళ్ల బతుకు వాళ్ల చేతిరాతలో దొరకడం అరుదు. దయచేసి పారేయకండి.

ముందు పెట్టెలోని కలరా ఉండలు తీసేయండి. ఆ ఆవిరి మనుషులకూ మంచిది కాదు, ప్లాస్టిక్‌నీ పాడుచేస్తుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. లాగకుండా, వెనకవైపు కాళ్లు వంచి నెమ్మదిగా తీయాలి. నీలం ఏరోగ్రామ్‌లు మడత దగ్గరే చిరుగుతాయి కనుక విప్పి, చదునుగా ఉంచాలి. చిరిగినచోట సెల్లో టేపు వేయవద్దు. దాని జిగురు పసుపుపచ్చగా మారి సిరాలోకి దిగుతుంది. లామినేషన్ అసలే వద్దు, ఇక వెనక్కి తీయలేం. ఆమ్లం లేని కాగితపు ఫోల్డర్లు, ఫొటోలకు పాలియెస్టర్ కవర్లు కొనండి. పీవీసీ కవరయితే కొన్నేళ్లకు ఫొటోకి అతుక్కుంటుంది. అటకా బేస్‌మెంటూ రెండూ చెడ్డ చోట్లే. వేడీ తేమా ఎక్కువ తక్కువలవుతూ ఉండటమే కాగితానికి చేటు. ఇంటి మధ్య గదిలోని అలమర చాలు.

కాగితం పట్టుకోవడానికి శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు. నూలు తొడుగులతో అంచు తెలియక చింపేస్తాం. ఫొటోలకు మాత్రం నైట్రైల్ తొడుగులు వాడండి. ఫొటో వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో ఎవరు, ఎక్కడ, ఏ ఏడాదో రాయండి. పెన్ను వాడకండి. ఉత్తరాలకు 400, ఫొటోలకు 600 డీపీఐ స్కాన్, మూల స్కాన్ టిఫ్ (నాణ్యత తగ్గని రకం) ఫైలుగా ఉండాలి. ఫైలు పేరు తేదీతో మొదలైతే, అంటే 1974-06-12 ఇలా, వాటంతటవే వరసలో పడతాయి. మూడు కాపీలు చేసి, ఒకటి వేరే ఊళ్లో ఉంచండి.

ఇక ఇవ్వడం గురించి. నేరుగా పార్సిల్ కట్టి పంపకండి. ముందు ఆర్కైవిస్ట్‌కి ఒక పేజీ రాయండి: ఎన్ని ఉత్తరాలు, ఏ ఏళ్లవి, ఏ భాషలో, ఎవరు ఎవరికి. తెలుగు చదివేవాళ్లు అక్కడ ఉండకపోవచ్చు కాబట్టి ఒక్కో ఉత్తరానికి రెండు వాక్యాల ఇంగ్లీషు సారాంశం జతచేస్తే ఆ ఉత్తరాలు విద్యార్థులకు పనికొస్తాయి. లేకపోతే పెట్టెలోంచి పెట్టెలోకి మారడమే. దానపత్రం మీద సంతకం పెట్టేముందు కాపీహక్కు సంగతి చదవండి. కాగితం బామ్మ వారసులది, అందులోని రాతమీద హక్కు నాన్నగారిది, ఆయన తరవాత ఆయన వారసులది. అన్నదమ్ములంతా ఒప్పుకున్నారా అన్నది చూసుకోవాలి. అసలు ప్రతులు వదులుకోవడం ఇష్టం లేకపోతే, 2008లో మొదలైన సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ స్కాన్లు ఉంచుకుని అసలువి కుటుంబానికే వదిలేస్తుంది.

ప్రశ్న: కాలేజీ చరిత్రలో ప్రొఫెసర్ల పేర్లే ఉంటాయా? మిగతా సిబ్బంది ఎక్కడ?
— ఒక లైబ్రేరియన్, కర్నూలు

జవాబు: వెతికితే దొరుకుతారు. గెటీస్‌బర్గ్ కాలేజీలో 1847 నుంచి 1868లో చనిపోయేదాకా జాన్ హాప్కిన్స్ అనే నల్లజాతి వ్యక్తి కాపలా, శుభ్రత పనులు చూశారు. విద్యార్థులు ఆయన్ని వైస్ ప్రెసిడెంట్ అని పిలిచేవారు. ఇలాంటివాళ్లు ఉపన్యాసాల సంపుటాల్లో కనబడరు. జీతాల చిట్టాలు, పాలకమండలి మినిట్స్, విద్యార్థి పత్రికలు, జనాభా లెక్కల కాగితాలు చూడాలి. మీ కాలేజీకీ ఇదే పద్ధతి పనికొస్తుంది. పాత అక్విటెన్స్ రిజిస్టర్లు (జీతం ముట్టినట్టు సంతకాలు పెట్టే పుస్తకాలు) పాత కాగితాల వాడికి అమ్మేయకుండా ఆపండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో అమెరికా చరిత్ర పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?
— ఒక ఎంఏ విద్యార్థిని, నల్గొండ

జవాబు: ఉస్మానియా క్యాంపస్‌లో. 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌గా మొదలైన సంస్థే ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్. వెళ్లేముందు ఫోన్ చేసి, కాలేజీ గుర్తింపు కార్డు, గైడ్ ఉత్తరం పట్టుకెళ్లండి. మూల పత్రాలకైతే ఫౌండర్స్ ఆన్‌లైన్ వెబ్‌సైట్‌లో వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, ఫ్రాంక్లిన్, హామిల్టన్, మాడిసన్‌ల ఉత్తరాలు ఉచితంగా చదువుకోవచ్చు. పాత పత్రికలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా చూడండి.