సందేహాలు – సమాధానాలు: కందెనా, చమురా, ద్రవమా?

సందేహం: మా కారు వెనక డిఫరెన్షియల్‌లోనూ, వెనక చక్రాలకు బలం అందించే కప్లింగ్‌లోనూ ఆయిల్ ఇంటిదగ్గర నేనే మార్చాను. నేర్చుకోదలచినవారి కోసం ఇలా రాసి పెట్టాను: ‘రెండు ప్లగ్గులను తొలగించడం జరిగింది. పాత ఆయిల్‌ను డ్రెయిన్ చేయడం జరిగింది. అనంతరం కొత్త ఆయిల్‌ను ఫిల్ చేయడం జరిగింది. కప్లింగ్‌కు కూడా ఇదే విధంగా చేయడం జరిగింది.’ ఇది చదివిన మిత్రుడొకరు ‘అవకలన తైలం’ అనాలన్నారు. ఇంకొకరు ‘నూనె’ చాలన్నారు. ఏది సాధువు? ప్లగ్గును ‘బిరడా’ అనవచ్చా?
– ఒక పాఠకుడు

సమాధానం: అవకలనం గణితంలో డిఫరెన్షియేషన్‌కు పెట్టిన పేరు, దాన్ని గణితానికే వదిలేయండి. మలుపులో బయటి చక్రం లోపలి చక్రంకన్నా ఎక్కువ దూరం పోవాలి. ఆ తేడాకు వీలిచ్చే పళ్లచక్రాల పెట్టె డిఫరెన్షియల్. ఆ పేరుతోనే అది అందరికీ తెలుసు, ఆ పేరుతోనే ఉండనివ్వండి.

నూనె అంటే నువ్వుల నెయ్యి. తైలం తిలల నుంచి వచ్చింది, తిలలన్నా నువ్వులే. కాబట్టి నూనెను కాదని తైలం పట్టుకున్నవారు నువ్వుచేను దాటిపోలేదు. ఆయిల్ కూడా మూలం వెతికితే గ్రీకువారి ఆలివ్ చెట్టు దగ్గర తేలుతుంది. మూడూ గింజనో కాయనో విడిచి అర్థం పెంచుకున్న మాటలే, ఏ ఒక్కటీ రెండోదానికన్నా శుద్ధం కాదు. చమురు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను: ముడిచమురు అని దేశమంతా అంటున్నాం గనుక యంత్రానికి అది నప్పుతుంది.

నాకు విచారం కలిగించేది మరొకటి. మీ ముగ్గురిలో ఒక్కరికీ ‘కందెన’ గుర్తు రాలేదు. బండి ఇరుసుకు పెట్టడానికే పుట్టిన మాట తెలుగులో ఉండగా నువ్వులూ గణితమూ ఎందుకు? సుమతీశతకం బడిలో వల్లించినవారే కదా మీరంతా!

కరణముల ననుసరింపక
విరసంబున దిన్న తిండి వికటించుఁజుమీ
యిరుసున కందెన బెట్టక
పరమేశ్వరు బండియైన బాఱదు సుమతీ!

కరణాలతో తగువు పెట్టుకుంటే తిన్నది ఒంటబట్టదన్న నీతి ఆ కాలపు ఊరి లెక్కలకు సంబంధించింది. దాన్ని అక్కడే ఉంచి ఉత్తరార్ధం చూడండి. పరమేశ్వరుడి బండి అంటే త్రిపురాలమీదికి కదిలిన రథం. భూమే రథం, సూర్యచంద్రులు చక్రాలు, బ్రహ్మ సారథి. అంతటి బండికీ ఇరుసు దగ్గర కందెన తప్పదన్నాడు కవి. చక్రాలు ఎంత గొప్పవైనా తిరగడమనేది ఇరుసు దగ్గర జరిగే పని అని ఆయన కనిపెట్టాడు. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్న సామెతలో చప్పుడు మాత్రమే ఉంది. పద్యంలో బండి ఆగిపోవడమే ఉంది.

‘బాఱదు’ దగ్గర ఇంకాస్త ఆగాలి. ద్రుతం, అంటే మాట చివరి నకారం, మీద సరళాదేశం వచ్చి (‘ప’ ‘బ’గా మారి) ‘పాఱదు’ అలా అయింది, ‘ప’తో ‘బా’కు యతీ కుదిరింది. పాఱు అంటే పరుగెత్తు. పాఱు అంటే ప్రవహించు. పారిపోయేది మనిషి, పారేది ఏరు, పద్యంలో పారవలసింది బండి. పారేది లోపల లేకపోతే బండి పారదు! సంస్కృతంలోనూ ఇదే జరిగింది. ద్రు ధాతువుకు పరుగెత్తడమనీ కరగడమనీ అర్థాలు. ద్రవం దానినుంచే వచ్చింది. ‘పె’ను ‘బె’గా, ‘పా’ను ‘బా’గా మార్చిన మన ద్రుతం పేరు కూడా ఆ ధాతువుదే. రెండు భాషలు ఎవరి దారిన వారు నడిచి పరుగునూ ప్రవాహాన్నీ ఒకే క్రియలో పెట్టాయంటే, ఆ చూపు ఎంత పాతదో ఆలోచించండి.

అయితే కందెన అనే మాటను మీ రెండు పెట్టెలకూ కలిపి ఇవ్వలేను. డిఫరెన్షియల్‌లో క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రమూ పినియన్ అనే చిన్నదీ దొర్లడమే కాక ఒరుసుకుంటూ జారతాయి. అందుకే చాలా బండ్లలో దానికి గంధకం, భాస్వరం కలిపిన జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోయమంటారు. ఒరిపిడిని తగ్గించడమే దాని పని, కాబట్టి అది అచ్చమైన కందెన. కప్లింగ్ సంగతి వేరు. 1998లో వాడకంలోకి వచ్చిన హాల్డెక్స్ రకంలో పంపు ఒత్తిడితో క్లచ్ పలకలు ఒకదాన్నొకటి పట్టుకుంటేనే వెనక చక్రాలకు బలం అందుతుంది. అక్కడి ద్రవం పలకలను కాపాడాలి గాని వాటి పట్టు పోగొట్టకూడదు. దాన్ని కందెన అంటే అర్థం తలకిందులవుతుంది. హోండా సీఆర్-వీ వంటి బండ్లలో డిఫరెన్షియల్‌కూ క్లచ్‌కూ కలిపి ఒకే ప్రత్యేక ద్రవం, కొన్ని బండ్లలో కప్లింగ్ అసలు విప్పకూడని మూసిన పెట్టె. మీరేమో రెండింటికీ ‘ఆయిల్’ అని రాసి, పైగా ‘ఇదే విధంగా’ అన్నారు. చదివినవాడు గేర్ ఆయిల్ తెచ్చి కప్లింగ్‌లో పోస్తే తప్పు ఎవరిది?

ఇక ఆ ‘జరిగింది’. పెళ్లి జరుగుతుంది, తిరునాళ్లు జరుగుతాయి. బండి కిందికి దూరి, చేతులు నల్లబడేలా మీరు చేసిన పనిని దానంతటదే జరిగినట్టు రాస్తారేం? అందులో పెద్ద నష్టం కూడా ఉంది: వరస పోయింది. ‘రెండు ప్లగ్గులను తొలగించడం జరిగింది’ అంటే ఏది ముందు విప్పారు? చమురు పోసే పై ప్లగ్గు వదులవుతుందో లేదో చూడకుండా కిందిది విప్పితే, పాతదంతా కారిపోయాక పైది మొరాయించిందంటే బండి కదలదు. క్త్వార్థకం, అంటే ‘చేసి’, ‘విప్పి’ వంటి రూపం, మనకు ఉన్నది ఇందుకే. ‘బండిని నేలకు సమంగా నిలిపి, ముందు పై ప్లగ్గు వదులు చేసి, కిందిది విప్పి, పాత చమురు కారనిచ్చి, ప్లగ్గు అయస్కాంతానికి అంటిన లోహపు పొడి తుడిచి, కొత్త ఉంగరం (వాషర్) వేసి కిందిది బిగించి, పై రంధ్రం అంచు దాటి కొంచెం పొర్లేదాకా పోశాను.’ ఒక్క వాక్యం, ఒక్క కర్త. ఏది ముందో ఏది వెనకో ‘ఇ’కారమే చెబుతుంది. కప్లింగ్‌కు మాత్రం దాని తయారీదారు చెప్పిన వరసతో, కొలతతో మరో వాక్యం రాయండి, ఇదే వరస అన్నిటికీ చెల్లదు.

నేనైతే ‘డిఫరెన్షియల్ చమురు’, ‘కప్లింగ్ ద్రవం’ అని రాస్తాను. మొదటిదాన్ని కందెన అన్నవారిని మెచ్చుకుంటాను. కాకపోతే ఈ రోజుల్లో ఆ మాట వింటే చాలామందికి చిక్కటి గ్రీజే తోస్తుంది గనుక పట్టుబట్టను. ‘ఆయిల్’, ‘ఫ్లూయిడ్’ అన్నా, రెండింటినీ రెండు పేర్లతోనే చివరిదాకా నడిపితే నాకు అభ్యంతరం లేదు.

బిరడా నొక్కి పెట్టేది, ఇది మర తిప్పి బిగించేది. ప్లగ్గు అనే ఉంచండి.