హనోయ్‌కి రెండు ఖాళీ పెట్టెలతో వెళ్తున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

రెండు ఖాళీ సూట్‌కేసులతో హనోయ్ వెళ్తున్నావని, అవి నింపుకొస్తే నీ చేతిపనుల క్లాసులకి ఏడాదికి సరిపడా సరుకు దొరికినట్టేనని మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ పక్కన ఇంకేదో పని చేసుకుంటావు. మీ పెదనాన్న ఉద్యోగం మీద మూడేళ్లు అక్కడ ఉన్నాం. ఆ మూడేళ్లలో నేను అనవసరంగా తగలేసిన డబ్బుతో నీకు ఒక చిన్న నగ చేయించి ఉండేదాన్ని. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన జాబితా చూశాను. మొదటి వరసలోనే "లక్క రంగు, 2 లీటర్లు" అని ఉంది. ముందు అది కొట్టెయ్.

వాళ్ళది మన లక్క కాదమ్మా. ఏటికొప్పాకలో నువ్వు చూశావుగా, అంకుడు కర్ర తిరుగుతుంటే రంగు కలిపిన లక్కపుల్ల ఆనిస్తారు, ఆ రాపిడి వేడికి కరిగి కర్రకి పట్టేస్తుంది. అది పురుగు ఇచ్చే లక్క. వియత్నాం వాళ్ళది చెట్టు పాలు. ఫూ థో వైపు కొండల్లో బెరడుకి గాట్లు పెట్టి, ఆ పాలు చుక్కచుక్కగా పట్టుకుంటారు. వాళ్ళు దాన్ని "సన్ తా" అంటారు. సన్ అంటే పూత రంగు, సన్ తా అంటే మన సొంత సన్ అని. ఆ చెట్టు మామిడికీ జీడిమామిడికీ దగ్గర చుట్టం. చిన్నప్పుడు నువ్వు తాతయ్యగారి తోటలో మామిడికాయ తొడిమ పంటితో తుంచి, సొన పడి మూతి చుట్టూ పొక్కి, వారం రోజులు పెరుగన్నం మీద బతికావు గుర్తుందా? ఆ సొనకి ఈ పాలు పెద్దన్నయ్య. పచ్చిగా ఉన్నప్పుడు ఆవిరి సోకినా కొందరికి మొహం వాస్తుంది. సన్ మొహం చూసి కరుస్తుందని అక్కడ ఒక సామెత ఉంది. నన్ను కరిచింది. హా థాయ్ ఊళ్ళో ఒక పనివాళ్ళింట్లో, సగం ఆరిన పలక మీద నున్నగా ఉందా లేదా అని అరచేత్తో తడిమాను. మూడోరోజుకి మణికట్టు దాకా పొక్కులు, ఒక కన్ను మూసుకుపోయింది. ఆ ఇంటి ముసలాయన నన్ను చూసి నవ్వి, తన మోచేతుల మీది పాత మచ్చలు చూపించాడు. నీ ఒంటి తత్వం నాకు తెలుసు, నువ్వు ఆ డబ్బా దరిదాపులకి కూడా పోవద్దు.

ఇంకో సంగతి. ఆ పాలు ఎండకి ఆరవు. గాలిలో తేమ ఉంటేనే గట్టిపడతాయి. హనోయ్‌లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో గోడలు చెమర్చి, నేల మీద నీళ్ళు నిలుస్తాయి. ఉతికిన బట్ట ఆరక మేం ఏడ్చేవాళ్ళం, సన్ పనివాళ్ళు పండగ చేసుకునేవాళ్ళు. హైదరాబాద్ మే నెలలో ఆ పలక నీ డాబా మీద పెడితే జిగురుజిగురుగా అలాగే పడుంటుంది. పైగా ఆ డబ్బాని విమానంలో ఎక్కనివ్వకపోవచ్చు.

మరేం తెచ్చుకోవాలంటే, తయారైన పలకలు తెచ్చుకో. వాటిని "వోక్" అంటారు. చెక్క మీద గుడ్డ అంటించి, సన్‌లో మట్టీ రంపపు పొట్టూ కలిపి పూసి, ఆరబెట్టి, నీళ్ళతో రుద్ది, మళ్ళీ పూసి, ఇలా వారాల తరబడి చేసిన నల్లటి పలక అది. పూర్తిగా గట్టిపడ్డాక కరవదు. హా థాయ్‌లో రకరకాల కొలతల్లో దొరుకుతాయి. అడ్డంగా కాకుండా నిలబెట్టి, అంచు చూడు. అంచులో గుడ్డ పోగు, పొరలు కనబడితే మంచిది. పొడిపొడిగా రాలే అట్టచెక్క మీద స్ప్రే కొట్టినవి కూడా అదే నలుపులో ఉంటాయి, ఒక వానాకాలం తిరిగేసరికి ఉబ్బిపోతాయి. "సన్ తా నా, సన్ దియూ నా" అని అడుగు. రెండోది జీడిపిక్క తొక్కనూనెతో చేసే రంగు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు నల్లగా మాడినట్టు ఉంటాయి చూడు, ఆ నూనే. త్వరగా ఆరుతుంది, చవక. రెండోది అని నిజం చెప్పినవాడి దగ్గర నిర్భయంగా కొను. రెండూ ఒకటేననే వాడి దగ్గర వద్దు.

నలుపు గురించి ఒక్కమాట, నీకు నచ్చుతుందని చెబుతున్నా. పాలని కుండలోనో కర్ర తొట్టిలోనో కలియబెడితే ఎర్రటి గోధుమ రంగు వస్తుంది, దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు బొద్దింక రెక్క. అదే పాలని ఇనప పాత్రలో ఇనప కడ్డీతో రోజుల తరబడి తిప్పితే నల్లబడుతుంది. పెడనలో బెల్లం నీళ్ళలో ఇనప ముక్కలు నానబెట్టి కసిమి నలుపు తీస్తారు కదా! ఇది విన్న రోజు ఆ ముసలాయనకి పెడన గురించి చెప్పాలని ఎంత తంటాలు పడ్డానో. చేతులూ కాళ్ళూ ఊపి చెప్పాను, ఆయన నాకు దాహం వేస్తోందనుకుని టీ పోశాడు.

తెలుపు మాత్రం ఆ పాలతో రాదు, ఏ తెల్ల రంగు కలిపినా గోధుమ రంగుకి తిరుగుతుంది. అందుకే బాతుగుడ్డు పెంకు. లోపలి పొర తీసేసి, పలక మీద పెట్టి నొక్కితే నెర్రెలు విచ్చుకుంటుంది, ఆ నెర్రెల్లో సన్ దిగి గీతలవుతుంది. 1925లో హనోయ్‌లో ఫ్రెంచివాళ్ళు తెరిచిన ఆర్ట్ కాలేజీ పిల్లలు, గుళ్ళలో విగ్రహాలకి పూసే ఈ సన్‌ని పట్టుకొచ్చి బొమ్మలు వేయడం మొదలుపెట్టాక పెంకు వాడకం బాగా పెరిగింది. న్యుయెన్ జా చీ అనే ఆయన బొమ్మలు హనోయ్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉన్నాయి, కొనుగోళ్ళకి ముందు ఒక పూట అక్కడ గడుపు. ఆ పెంకు చూసిన కంటికి బజార్లో అచ్చు వేసిన పెంకు డిజైన్ ఇట్టే దొరికిపోతుంది, ఒకే నెర్రె మళ్ళీ మళ్ళీ వస్తుంది. పెంకుల ప్యాకెట్ మాత్రం కొనకు తల్లీ! నేను కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే మన రైతుబజార్లో బాతుగుడ్లు.

వెండి రేకు తెచ్చుకో. కియూ కీ అనే ఊరు, హనోయ్ శివార్లలోనే, కుండలు చేసే బాట్ ట్రాంగ్ ఊరి దారిలో. ముక్కని కాగితాల మధ్య పెట్టి సుత్తితో గంటల తరబడి కొట్టి, ఊపిరి తగిలితే ఎగిరేంత పల్చగా చేస్తారు. రేకు సర్దే గదిలో ఎంత ఉక్కపోసినా ఫ్యాన్ వేయరు, తలుపు తీయరు. నేను గుమ్మంలో నిలబడి తుమ్ము ఆపుకోలేక బయటికి పరిగెత్తాను. బొమ్మల్లో నువ్వు బంగారం అనుకునేది చాలావరకు ఈ వెండే, పైన బొద్దింక రంగు పొర పడేసరికి పసుపు తిరుగుతుంది. కాబట్టి ధర అడిగేటప్పుడు బంగారమా వెండా అని రెండుసార్లు అడుగు. పిల్లల క్లాసుకి వెండి చాలు. నల్ల పలక మీద పెంకు, వెండి రేకు అంటించి, మామూలు వార్నిష్ నాలుగు పూతలు వేసి, వాటర్ పేపర్‌తో రుద్దించు. ఈ పనిని వాళ్ళు "సన్ మాయ్" అంటారు, అందులో "మాయ్" అంటే రుద్దడమే. అది అసలు సన్ మాయ్ కాదని పిల్లలకి చెప్పి మరీ చేయించు.

ఇక కాగితం. నీకు ఎక్కువ పనికొచ్చేది ఇదే, బరువు కూడా తక్కువ. జో అనే చెట్టు బెరడుతో చేసే కాగితం, చింపితే పొడుగు పీచు లాగుతుంది. దాని మీద గవ్వలాంటి సముద్రపు చిప్పల పొడిని బియ్యపు గంజితో కలిపి పూస్తే డోంగ్ హో బొమ్మల కాగితం అవుతుంది. పూసే కుంచె పైన్ చెట్టు సూదులతో కట్టినది, అందుకే సన్నని చారలు పడతాయి. వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడు, చారల మధ్య చిప్పపొడి తళుక్కుమనాలి. మెషీన్ కాగితానికి ఆ తళుకు ఉండదు.

డోంగ్ హో ఊరు బాక్ నిన్ వైపు, దువాంగ్ నది గట్టున. ఊరంతా అచ్చులు వేసేవాళ్ళేనని ఊహించుకుని వెళ్ళకు. చాలా ఇళ్ళలో ఇప్పుడు పితృదేవతలకి తగలబెట్టే కాగితపు వస్తువులు చేస్తున్నారు, బొమ్మలు అచ్చేసే ఇళ్ళు కొన్నే మిగిలాయి. వెళ్ళి ఒక గంట కూర్చుని చూడు. అచ్చుకి రంగు అద్ది, కాగితం మీద నొక్కి, తిరగేసి, వీపు మీద బీరపీచుతో రుద్దుతారు. నిజం, బీరపీచే! ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఒక్కొక్కటే పడ్డాక చివర నల్ల గీత అచ్చు పడుతుంది. మన పెడనలో గీత ముందు, రంగులు తర్వాత. చివర గీత పడటంలో సుఖం ఏమిటంటే, రంగు కాస్త పక్కకి జరిగినా ఆ నలుపు దాచేస్తుంది. చిన్నపిల్లల క్లాసుకి ఇంతకన్నా ఏం కావాలి? నలుపు వెదురాకు బొగ్గుది, పసుపు చెట్టుపూలది, ఎరుపు ఎర్రరాయిది. తయారైన బొమ్మ కొంటే వెనక్కి తిప్పి చూడు, చేతి అచ్చయితే రంగు వీపు దాకా కొద్దిగా ఊరి ఉంటుంది. ఎలుకల పెళ్ళి ఊరేగింపు బొమ్మ ఒకటి నాకు తప్పకుండా తేవాలి, పిల్లి గారికి లంచం ఇచ్చి మరీ పెళ్ళి చేసుకుంటాయి. కాగితాలు మడవద్దు, గొట్టంలో చుట్టు.

హనోయ్ పాత బస్తీలో వీధి పేర్లు నమ్మి నడవకు. హాంగ్ అంటే సరుకు, ఒకప్పుడు వీధికో సరుకు. ఇప్పుడు హాంగ్ వాయ్ అంటే గుడ్డల వీధి, అక్కడ అమ్మేది వెదురు బొంగులూ నిచ్చెనలూ. గుండీలు, దారాలు, లేసులు, జిప్పులు కావాలంటే హాంగ్ బో. రంగు కాగితాలు, లాంతర్లు హాంగ్ మాలో, ముఖ్యంగా ఎనిమిదో నెల పౌర్ణమి పండగ ముందు కాలు పెట్టడానికి చోటుండదు. పట్టుకి హాంగ్ గాయ్ అంటారు గానీ, అక్కడ ఒక కొట్లో స్వచ్ఛమైన పట్టు అని నమ్మి మూడు మీటర్లు తెచ్చాను. ఇంట్లో రెండు పోగులు కాల్చి చూస్తే వెంట్రుక వాసన రాలేదు, ప్లాస్టిక్ పూసలా గట్టి ముద్ద కట్టింది. కొట్లోనే పోగు అడుగు. ఇవ్వనంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. వాన్ ఫుక్ ఊళ్ళో మగ్గం కనబడే ఇంట్లో కొనడం కొంత నయం.

పొద్దున్నే బేరానికి పోకు. బోణీ పట్టింపు వాళ్ళకీ మనంతే, "మో హాంగ్" అంటారు. నాకు తెలియక ఒకరోజు ఎనిమిదింటికే ఒక కాగితాల కొట్లో దూరి, నలభై రకాలు తీయించి, ధర కుదరక ఏమీ కొనకుండా బయటికి వచ్చాను. నాలుగడుగులు వేసి వెనక్కి చూద్దును కదా, ఆవిడ కాగితం ముక్క వెలిగించి గుమ్మం దగ్గర, సరుకు మీద అటూ ఇటూ తిప్పుతోంది. దిష్టి తీస్తోంది, నాకే! పది దాటాక వెళ్ళు. లేదా పొద్దున్నే వెళ్ళాల్సొస్తే ఏదో ఒకటి కొనకుండా రాకు.

పిలుపులు కూడా మనవే. మీరు, నువ్వు అనడం తక్కువ, చాలావరకు చుట్టరికాలే. నీకన్నా కాస్త పెద్దామెని "చీ" అను, అక్క అని. అమ్మానాన్నలకన్నా పెద్దవాళ్ళయితే ఆడైనా మగైనా "బాక్". అంటే నేనన్నమాట. చేతిపని చేసే ముసలివాళ్ళని బాక్ అని పిలిచాక ధర తగ్గించమని గట్టిగా అడగడం నాకైతే చేతకాలేదు. అడక్కు కూడా. బేరం బజారు కొట్లో చెయ్యి, పనివాడి గుమ్మంలో వద్దు.

డబ్బు దగ్గర జాగ్రత్త. 20,000 డోంగ్‌ల నోటూ, 5,00,000 నోటూ రెండూ నీలమే, రెండూ ప్లాస్టిక్ నోట్లే. సాయంత్రం మసకలో ఒక గంప కమలాలకి పెద్దది ఇచ్చేశాను. ఆ అమ్మాయి వీధి చివరిదాకా పరిగెత్తుకొచ్చి తిరిగిచ్చింది. అందరూ అలా పరిగెత్తరు, పెద్ద నోట్లు వేరే పర్సులో పెట్టుకో. "యాభై" అంటే యాభై వేలు, వేలు నోట్లోనే మింగేస్తారు.

బాట్ ట్రాంగ్‌కి లాంగ్ బియెన్ నుంచి బస్సుంది, కుండలు చూసి ఆనందించు, కొనకు. పగులుతాయి, బరువు. దానికి బదులు ఒక తెల్లవారుజాము చువాంగ్ ఊరి టోపీల సంతకి వెళ్ళు. వాళ్ళ చాంద్రమాన నెలలో 4, 10, 14, 20, 24, 30 తేదీల్లో జరుగుతుంది. వాళ్ళకి అమావాస్య రోజే ఒకటో తేదీ, మన పంచాంగంతో ఒక రోజు అటూ ఇటూ అవుతుంది, హోటల్‌లో క్యాలెండర్ అడుగు. అక్కడ తయారైన టోపీలే కాదు, ఇస్త్రీ చేసిన తాటాకులాంటి ఆకుల కట్టలు, వెదురు వలయాలు, దారం, అన్నీ విడివిడిగా అమ్ముతారు. ఒక టోపీకి పదహారు వలయాలు. ఆకుని కాలుతున్న ఇనప రేకు మీద పెట్టి గుడ్డమూటతో అదిమి సాపు చేస్తారు. వలయాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి తెచ్చుకో, చోటు పట్టదు. ఎండు ఆకులకి విమానాశ్రయంలో మొక్కల తనిఖీ వాళ్ళు అడ్డు చెప్పొచ్చు, అందుకే ఆకు తక్కువ, వలయాలు ఎక్కువ.

వాళ్ళ కొత్త సంవత్సరం, టెట్ పండగ వారంలో మాత్రం టికెట్ తీయకు. జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, కొట్లు మూసి అందరూ ఊళ్ళకి పోతారు. పాత విగ్రహం, పాత గిన్నె అని ఎవరైనా చూపిస్తే కొనకు, పురాతన వస్తువులు అనుమతి లేకుండా దేశం దాటనివ్వరు. కొత్తదాన్నే పాతదని అమ్మేవాళ్ళూ ఉన్నారనుకో.

నా టోపీ లోపలి వలయాలు రెండు ఎలుకలు కొరికాయి. పైనుంచి ఆరోది, ఏడోది. సంతలో ఆ కొలతవి దొరికితే నాలుగు పట్రా, నేనే కుట్టుకుంటాను.

నీ
పెద్దమ్మ