విసుగొచ్చిన చోటే చదువు మొదలు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: వందనాలు ఫాదర్. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరతాను. ఈస్టరుకు ముందటి తపస్కాలంలో మూడు ఆధ్యాత్మిక పుస్తకాలు మొదలుపెట్టాను, ఒక్కటీ పూర్తి కాలేదు. ఫోన్‌కి వచ్చే రోజువారీ వాక్యం పది నిమిషాలకే మర్చిపోతున్నాను. నాలాంటివాళ్లు ఎలా చదవాలి?
– ఒక పాఠకుడు, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: ముందు ఆ మూడింట్లో రెండు తీసి బీరువాలో పెట్టేయండి. ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్ట్ తన మఠవాసులకు రాసిన నియమావళి 48వ అధ్యాయంలో ఒక ఏర్పాటు ఉంది. తపస్కాలం మొదట్లో ఒక్కొక్కరికి ఒక్కో పుస్తకం ఇస్తారు. దాన్ని వరుసగా, ఏమీ వదలకుండా చివరిదాకా చదవాలి. చదువుకునే వేళల్లో ఒకరిద్దరు పెద్దలు మఠమంతా తిరిగి, ఎవరైనా పుస్తకం పక్కన పెట్టి కబుర్లలో పడ్డారేమో చూసేవారు. అంటే పుస్తకం మీద మనసు నిలవకపోవడం ఫోన్లు రాకముందు నుంచీ ఉన్నదే.

మీకున్న సమయానికి థామస్ ఆ కెంపిస్ ‘క్రీస్తు అనుకరణ’ సరిపోతుంది. నాలుగు భాగాలు, 114 అధ్యాయాలు, చాలావరకు చిన్నవే. రోజుకొకటి చదివితే నాలుగు నెలల లోపే అయిపోతుంది. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు చదవకండి. ఆగిన చోటి నుంచి ఒకటే చదవండి. బాకీ తీర్చాలన్న తొందరే సగం పుస్తకాలను మధ్యలో ఆపేస్తుంది.

దానితోపాటు వారానికి రెండు మూడు రోజులు ఇరవై నిమిషాలు సువిశేషానికి ఇవ్వండి. 12వ శతాబ్దంలో కార్తూసియన్ అనే సన్యాసుల సభకు చెందిన మఠపెద్ద రెండవ గీగో ఈ దివ్య పఠనానికి నాలుగు మెట్లు చెప్పారు: చదవడం, మననం చేయడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరకే ఉండడం. మార్కు 10:46–52 తీసుకోండి. గుడ్డివాడైన బర్తిమయి కథ, ఏడే వచనాలు. మీ చెవికి వినపడేలా ఒకసారి, ఇంకా నెమ్మదిగా మరోసారి చదవండి, అయిదు నిమిషాలు. ఏ మాట దగ్గర మనసు ఆగిందో అక్కడే ఆగండి. ‘నేను నీకేం చేయాలని కోరుతున్నావు?’ అని యేసు అడిగిన 51వ వచనం దగ్గర ఆగారనుకుందాం. ఆ ప్రశ్న ఇవాళ మిమ్మల్నే అడిగితే ఏం చెబుతారో ఏడెనిమిది నిమిషాలు ఆలోచించండి. తర్వాత ఆ జవాబే ప్రభువుకు చెప్పండి. చివరి రెండు మూడు నిమిషాలు మాటలు ఆపి కూర్చోండి.

ఎక్కువమందికి ఇది చెడేది రెండో మెట్టు దగ్గరే. యెరికో ఎక్కడుందా అని ఫోన్‌లో వెతకడం మొదలవుతుంది. అది మంచి పనే, ఆదివారం చేయండి. ఇంకొందరు తమకు తోచిన ఆలోచనను వెంటనే వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. మనలో ఇంకాల్సిన మాట అక్కడే ఆరిపోతుంది. మూడో మెట్టులో రోజువారీ విన్నపాల జాబితా తీయకుండా, చదివిన మాటకే బదులు చెప్పండి. నాలుగో మెట్టు మన చేతిలో లేదు, అది దేవుని వరం. ఏమీ అనిపించకపోయినా సమయం కాగానే సిలువ గుర్తు వేసుకుని లేవండి.

లేచేటప్పుడు ఒక్క మాట వెంట తీసుకెళ్లండి. తోటలో తిరిగినవాళ్లు రోజంతా వాసన చూసుకోవడానికి నాలుగు పూలు కోసుకున్నట్టు అని పునీత ఫ్రాన్సిస్ దె సాల్స్ 1609లో, సంసారంలో ఉన్నవాళ్ల కోసమే రాసిన పుస్తకంలో అన్నారు. సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర బండి కదలని ఆ అరగంట దానికి చాలా మంచి సమయం.

ప్రశ్న: పిల్లలు, మావారు వెళ్లాక పదకొండింటికి బైబిల్ తీస్తాను. రెండు వారాలు బాగానే సాగింది. ఇప్పుడు తీయగానే గడియారం చూస్తాను, కిటికీ దగ్గరికి వెళ్తాను. ఈ ఊళ్లో కాకుండా గుంటూరులో అమ్మ దగ్గర ఉంటే బాగా ప్రార్థన చేసుకునేదాన్ని అనిపిస్తుంది. నా విశ్వాసం తగ్గిపోయిందా ఫాదర్?
– ఒక గృహిణి, కమ్మనహళ్లి, బెంగళూరు

జవాబు: లేదమ్మా. మీరు రాసింది ఈజిప్టు ఎడారిలో 399లో కన్నుమూసిన ఎవాగ్రియుస్ అనే సన్యాసి దాదాపు మాట మాటా రాసిపెట్టారు. మనిషిని లాగే ఎనిమిది దురాలోచనల్లో ‘అకేడియా’ను, అంటే ఆత్మకు పట్టే విసుగును, అన్నిటికన్నా బరువైనదన్నారు. పగలు నాలుగో గడియ నుంచి ఎనిమిదో గడియ వరకు, మన లెక్కలో సుమారు పది నుంచి రెండింటి వరకు, అది మీద పడుతుందట. సూర్యుడు కదలనట్టు, పగలు యాభై గంటలున్నట్టు అనిపిస్తుంది. చూపు కిటికీ వైపు పోతుంది. ఉన్న చోటు మీద, చేస్తున్న పని మీద అసహ్యం పుడుతుంది. దేవుణ్ణి ఎక్కడైనా ఆరాధించవచ్చు కదా, ఇంకోచోటికి పోదామనిపిస్తుంది. అయినవాళ్లు గుర్తొస్తారు. మీ పదకొండు గంటలు సరిగ్గా ఆ వేళలోనే పడ్డాయి.

అందుకని సమయం మార్చకండి. పారిపోతే ఇది తగ్గదు, ఎదురు నిలబడితేనే లొంగుతుందని ఎవాగ్రియుస్ బోధను పడమటి దేశాలకు అందించిన యోహాను కాసియన్ రాశారు. అయితే పళ్లు బిగించి గంటసేపు కూర్చోనక్కర్లేదు. ఎడారి తండ్రుల, అంటే ఎడారిలో బతికిన ఆ తొలినాటి సన్యాసుల, సూక్తుల్లో మొదటిదే ఈ విసుగు గురించి. పునీత అంతోని ఇదే బాధలో ఉన్నప్పుడు, తనలాంటి ఒకాయన కూర్చుని తాడు పేనడం, లేచి ప్రార్థించడం, మళ్లీ కూర్చుని పేనడం చూశారు. మీరూ పది నిమిషాలు చదవండి. తర్వాత బట్టలు మడతపెట్టడమో బియ్యంలో రాళ్లు ఏరడమో, చేతికే తప్ప బుర్రకు పనిలేనిది పదిహేను నిమిషాలు చేయండి. ఆపై నిలబడి ఒక పరలోక జపం చెప్పండి. ఓపికుంటే ఇంకో చుట్టు. టీవీ పెట్టుకుని చేసే పని ఈ లెక్కలోకి రాదు.

విసుగు తలెత్తగానే అనడానికి కాసియన్ ‘సంభాషణలు’ అనే పుస్తకంలోని పదో సంభాషణలో ఒక వాక్యం ఉంది, 70వ కీర్తన మొదటి వచనం: ‘దేవా, నన్ను ఆదుకోవడానికి రా. ప్రభూ, త్వరగా నాకు తోడ్పడు.’ శ్రీసభ (కతోలిక సంఘం) రోజులో వేళవేళకూ చేసే గడియల ప్రార్థన నేటికీ ఈ మాటతోనే మొదలవుతుంది. రోజంతా, వంటింట్లో కూడా, అదే చెప్పుకోండి. వారానికో కొత్త వాక్యం వెతకొద్దు.

ఒక హెచ్చరిక. విసుగు ఆ రెండు మూడు గంటలకే పరిమితం కాకుండా నిద్ర, ఆకలి పోయి, రోజంతా ఏడుపు వస్తూ రెండు వారాలు దాటితే డాక్టర్‌ను కలవండి. అందులో విశ్వాసలోపం ఏమీ లేదు.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. ఎడారి తండ్రుల మాటలు చదివాక రెండు రోజులకొక పూట తింటున్నాను, నాలుగు గంటలే నిద్రపోతున్నాను. తల తిరుగుతోంది. ఇంట్లో చెప్పలేదు.
– ఒక విద్యార్థి, బెంగళూరు

జవాబు: ఈ రాత్రే కడుపు నిండా తిని పడుకో బాబూ. ఆ తండ్రులే నిన్ను ఆపేవారు. కాసియన్ రెండో సంభాషణ మొత్తం వివేచన గురించే. అందులో హేరో అనే వృద్ధుడు యాభై ఏళ్లు ఎడారిలో ఉన్నాడు, పాస్క (ఈస్టరు) పండుగనాడు కూడా సోదరులతో కలిసి తినలేదు. చివరికి సైతానును దేవదూత అనుకుని దాని మాట నమ్మి బావిలో దూకాడు, మూడో రోజు చనిపోయాడు. అదే సంభాషణ రోజుకు రెండు చిన్న రొట్టెలు, సుమారు ఒక పౌను బరువు, కొలతగా పెట్టింది. రోజు విడిచి రోజు కాదు, ప్రతి రోజూ. శ్రీసభ 18 నుంచి 59 ఏళ్లవారిని తప్పనిసరిగా ఉపవాసం అడిగేది విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం మాత్రమే. ఆ రోజుల్లోనూ ఒక పూర్తి భోజనం, ఉదయం సాయంత్రం కొంచెం ఆహారం తీసుకోవచ్చు.

ఆ సూక్తులు ఒక పెద్దాయన తన ఎదుట కూర్చున్న మనిషిని ఎరిగి, ఆ మనిషికే చెప్పినవి. అందుకే ఒకచోట ‘తిను’ అని, ఇంకోచోట ‘తినకు’ అని ఉంటుంది. నీ గురించి తెలిసిన పెద్దాయన నీకూ ఉండాలి. ఈ వారమే నీ పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తన గురువుకు చెప్పు. అమ్మకు ఇవాళే చెప్పు.

ప్రశ్న: మా పిల్లలకు తెలుగు చదవడం రాదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఏం చేయాలి?
– ఒక తల్లి, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: మీరు చదవండి, వాళ్లు వింటారు. పూర్వం చదువంటే పైకి చదవడమే. మిలానులో పునీత అంబ్రోసు పెదవి కదపకుండా చదవడం చూసి పునీత అగస్టీను ఆశ్చర్యపోయి తన ఆత్మకథ ఆరో భాగంలో రాసుకున్నారు. ఎవరికి స్పష్టంగా వస్తే వారే చదవాలని బెనెడిక్ట్ నియమం, కాబట్టి వంతులు వేయకండి. రాత్రిపూట మోషే గ్రంథాల నుంచి న్యాయాధిపతుల దాకా, రాజుల చరిత్రలు వద్దని, అవి వేరే వేళల్లో చదవాలని 42వ అధ్యాయంలో ఉంది. యుద్ధాలు, హత్యలు విని పడుకోవడం లేత మనసులకు మంచిది కాదు. రాత్రికి సువిశేషం, పునీతుల చరిత్రలు చాలు, పది నిమిషాలు మించకుండా.

ప్రశ్న: మా నాన్నగారి పాత జపాల పుస్తకంలో ‘దేవా, నన్ను కరుణించు’ 50వ కీర్తన అని ఉంది. నా బైబిల్లో 51. అచ్చు తప్పా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, శివాజీనగర్, బెంగళూరు

జవాబు: రెండూ సరైనవే. పాత పుస్తకాలు లాటిన్ బైబిల్ లెక్కను, ఇప్పటివి హెబ్రీ లెక్కను పాటిస్తాయి. హెబ్రీలోని 9, 10 కీర్తనలు లాటిన్‌లో కలిసి ఒకటే. అక్కడి నుంచి పాత అంకె ఒకటి వెనకబడుతుంది. కాబట్టి పాత పుస్తకంలో 10 నుంచి 112 వరకు ఏ అంకె ఉన్నా ఒకటి కలిపి మీ బైబిల్లో చూడండి. 113 నుంచి 115 వరకు కొంచెం చిక్కు, అక్కడ మొదటి వాక్యం చూసి పోల్చుకోండి. 116 నుంచి 145 వరకు మళ్లీ ఒకటి కలపాలి. పాత 146, 147 రెండూ కలిసి మీ 147. చివరి మూడు, తొలి ఎనిమిది రెండింట్లోనూ ఒకటే.