రెండు రోజుల సర్టిఫికెట్‌తో నేర్పవచ్చా?

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సుని, 44 ఏళ్లు. నైట్ డ్యూటీల టెన్షన్‌కి మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద ధ్యాస నిలిపే ధ్యానం), చీగాంగ్ (ఊపిరితో కలిపి నెమ్మదిగా చేసే చైనా వ్యాయామం) మొదలుపెట్టి నాలుగు నెలలైంది. కాలనీ ఆడవాళ్లకు నేర్పాలనుంది. ఆన్‌లైన్‌లో రెండు రోజుల్లో టీచర్ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. చేరనా?
– ఒక సోదరి, హన్మకొండ

జవాబు: వద్దు చెల్లెమ్మా. 'చీ' అంటే ఊపిరి, ప్రాణశక్తి. 'గాంగ్' అంటే ఏళ్ల సాధనతో వచ్చే నేర్పు. నేను నేర్చుకున్న బా దువాన్ జిన్ అనే చీగాంగ్ పద్ధతిలో ఉన్నవి 8 కదలికలే. మొదటిది, రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తడం. భద్రకాళి చెరువు కట్ట మీద రోజూ చేసినా దానికే నాకు నెల పట్టింది. చేతులతో పాటు భుజాలూ చెవుల దాకా లేచేవి.

ఏడాది తిరక్కుండానే నేర్పడం మొదలుపెట్టాను. ఒక పెద్దమ్మను మోకాళ్లు వంచి నిలబడమన్నాను. పాపం, వారం పాటు ఆమె మెట్లెక్కలేకపోయింది. ఆ బాధ నాకింకా పోలేదు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కుర్చీలో కూర్చోబెట్టే నేర్పుతున్నాను.

మైండ్‌ఫుల్‌నెస్ సంగతీ అంతే. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన కోర్సు, కేవలం నేర్చుకోవడానికే, 8 వారాలు. నేర్పాలంటే సొంత సాధన, మౌన శిబిరాలు, అనుభవమున్న గురువు పర్యవేక్షణ కావాలి. ముందు మౌనం అలవాటు కావాలంటే హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త ధ్యాన కేంద్రంలో 10 రోజుల విపశ్యన మౌన శిబిరానికి వెళ్లండి, ఫీజు లేదు. మీరు నేర్పేటప్పుడు కళ్లు మూసుకోగానే ఏడ్చేవాళ్లుంటారు. అప్పుడు కళ్లు తెరిపించి, పాదాలు నేలకు ఆనించమనాలి. నర్సు కాబట్టి ఆ ఓపిక మీకుంటుంది. బీపీ మాత్రలు ఆపమని మాత్రం ఎవరికీ చెప్పకండి.