నీ కథలో హమాలీలు ఏరి?

తమ్ముడూ,

కథ అందింది. 2020 యాసంగిని (రబీ సీజన్‌ను) ఎంచుకోవడం నచ్చింది. నేను చదివినంతలో లాక్‌డౌన్ కథలంటే మాస్కులు, ఆన్‌లైన్ క్లాసులే ఎక్కువ. వడ్ల మీద రాసినవాళ్లు తక్కువ. కానీ మూడో పేజీకి వచ్చేసరికి నీ రైతు వడ్ల కుప్ప పక్కన కూర్చుని ఏడవడం మొదలుపెట్టాడు, చివరిదాకా ఆపలేదు. ఎందుకంటే "కరోనా వల్ల" అని ఒక్క మాటలో తేల్చేశావు. కరోనా వడ్లకు సోకలేదు కదా! మరి అవి ఎక్కడ ఆగాయి?

కోత దగ్గర మొదలుపెట్టు. హార్వెస్టర్ ఉంటే డ్రైవర్ లేడు, డ్రైవర్ ఉంటే పాడైన పార్టు కొనడానికి షాపు తెరిచి లేదు. ఎలాగో కోయించి ఊళ్లో వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు తెస్తే టోకెన్. గుంపు కూడొద్దని వంతులవారీగా పిలిచేవారు. వంతు వచ్చేలోగా అకాల వర్షం పడొచ్చు. పడలేదనుకో, తేమ 17 శాతం దాటకూడదు. దాటలేదనుకో, గోనె సంచులు లేవు. బెంగాల్‌లో జూట్ మిల్లులు మూతపడితే ఆ దెబ్బ మన ఊరి కాంటాకు తగిలింది. సంచులూ దొరికి లారీ కదిలిందనుకో, మిల్లు దగ్గర దింపేవాళ్లు లేరు. బిహార్ హమాలీలు హోలీకి ఊరెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. మే 8న అక్కడి ఖగారియా నుంచి హైదరాబాద్ లింగంపల్లికి రైల్లో కొందరిని రప్పించాల్సి వచ్చింది. దేశమంతా వలస కూలీలు సొంతూళ్లకు నడిచి వెళ్తున్న రోజుల్లో ఈ రైలు ఎదురొచ్చింది. ఇంత కథ వదిలేసి కన్నీళ్లు రాస్తావేం?

ఇంకొకటి, నీకు రుచించకపోవచ్చు. ఆ సీజన్‌లో ప్రభుత్వం ఊళ్లలోనే సెంటర్లు పెట్టి కొన్నది. ఏ గ్రేడు క్వింటాల్‌కు 1,835 రూపాయలు, సాధారణ రకానికి 1,815. తెలంగాణలో 60 లక్షల టన్నులకు పైగానే కొన్నారు. నువ్వేమో "కొనే దిక్కు లేదు" అని రాశావు. ఆ మాట పుచ్చకాయ రైతు అంటే నమ్ముతాను. వడ్లకు కొనేవాడున్నాడు, ధర ఉంది. లేనిది కదలిక. నష్టం తరుగు రూపంలో వచ్చింది. తాలుంది, మట్టుందని మిల్లు వాళ్లు సంచికి కిలోల లెక్కన కోస్తామంటే, కాదంటే లారీ దింపరేమోనన్న టెన్షన్‌తో రైతు తలూపాడు. కాగితం మీద ధర తగ్గలేదు, తూకం తగ్గింది. నా దృష్టిలో నీ కథ అక్కడుంది. మద్దతు ధర ఇచ్చామన్న అధికారి మాటా నిజమే, మునిగానన్న రైతు మాటా నిజమే. ఎవరినీ దొంగను చెయ్యకు. మిల్లరును కూడా. (మిల్లరనగానే మీసం దువ్వే విలన్‌ను దించే అలవాటు మన కథలకు ఎప్పుడు పోతుందో!)

సెంటర్లు నడిపిన మహిళా సంఘాల వాళ్లను కలువు. అటు రైతుల తిట్లూ ఇటు మిల్లుల ఫోన్లూ భరించింది వాళ్లే. టోకెన్ పుస్తకాలు, ట్రక్ షీట్లు ఎవరి బీరువాలోనైనా ఉంటే చూపించమను. ఏడుపు సీను మొత్తం తీసెయ్. ఆ చోట, మిల్లు బయట లారీ ఆగిపోయిన రెండు రాత్రులు రాయి. హోటళ్లన్నీ మూసి ఉంటే డ్రైవర్ ఏం తిన్నాడు? వెయిటింగ్ డబ్బులు ఎవరి మీద పడ్డాయి? నీ డ్రాఫ్టులో అసలు డ్రైవరే లేడు.

అన్న