డాక్టర్లు రిప్లై ఇవ్వట్లేదా?

ప్రశ్న: షుగర్ పేషెంట్ల మీద స్టడీ చేస్తున్నామండీ, చేరమని ఫ్యామిలీ డాక్టర్లకి మెయిల్ మీద మెయిల్ పెడుతున్నా ఉలుకూ లేదు పలుకూ లేదు. వాళ్లకి రీసెర్చ్ అంటే ఇంట్రెస్టే లేదా?

జవాబు: ఇంట్రెస్ట్ లేక కాదండీ, తీరిక లేక. బయట పేషెంట్లు కూర్చుని ఉంటే మీ నాలుగు పేజీల అటాచ్‌మెంట్ ఎవరు తెరుస్తారు చెప్పండి? 1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్ డాక్టర్లకి సిగరెట్ అలవాటు గురించి చిన్న ప్రశ్నాపత్రం పోస్టులో పంపితే 40 వేల మందికి పైగా జవాబిచ్చారు, అడిగింది కొంచెమే కాబట్టే అని నా నమ్మకం. మీరూ మొదటి రెండు లైన్లలోనే చెప్పేయండి, ఒక్కో పేషెంట్‌కి ఎన్ని నిమిషాలు పడుతుంది, కన్సెంట్ ఫారం (స్టడీకి ఒప్పుకుంటున్నానని పేషెంట్ రాసిచ్చే కాగితం) ఎవరు నింపిస్తారు, స్టడీలో పేషెంట్లకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ పర్మిషన్ వచ్చిందా, వాళ్ల టైమ్‌కి డబ్బులిస్తారా లేదా అని. కన్సెంట్ పని మీ స్టాఫే చూసుకుంటే సగం గొడవ వదిలినట్టే. ఇంకోటి, మెయిల్ కంటే వాళ్లకి తెలిసిన తోటి డాక్టర్‌తో ఒక ఫోన్ చేయించడం నయం, రిసెప్షన్‌లో ఉండే అమ్మాయితో కూడా మర్యాదగా మాట్లాడండి, లోపలికి ఏది వెళ్లాలో తేల్చేది ఆవిడే. స్టడీ అయ్యాక రిజల్ట్స్ మాత్రం తప్పకుండా పంపండి, లేకపోతే రెండోసారి మీ నంబర్ చూసి ఫోనే ఎత్తరు.